‘ఐదింటికి’ ఎట్ అయితే ‘సోమవారానికి’ ఏమిటి?

ప్రశ్న: నేను ఒక సంస్థలో మూడేళ్లుగా పని చేస్తున్నాను. రోజూ ఇంగ్లీషులో మెయిళ్లు రాయాలి. ఈమధ్య నేను రాసిన ఒక మెయిల్లో మూడు వాక్యాల కింద మా పై అధికారి ఎర్ర గీతలు గీసి వెనక్కి పంపారు. అవి ఇవి: ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్’, ‘ఐ విల్ సెండ్ ద రిపోర్ట్ టిల్ ఫ్రైడే’, ‘బిఫోర్ టూ డేస్ ఐ స్పోక్ టు హిమ్’. ఎట్, ఆన్, ఇన్ పట్టిక నాకు నోటికి వచ్చు. అయినా రాసేటప్పుడు చెయ్యి ఆగిపోతుంది. దీనికి సూత్రం ఏదైనా ఉందా, ఒక్కొక్కటీ బట్టీ పట్టాల్సిందేనా? ఇంకో చిన్న సందేహం: వీకెండ్ ముందు ఎట్ రాయాలా, ఆన్ రాయాలా? ఒక్కో చోట ఒక్కో రకంగా కనిపిస్తోంది.

సమాధానం: మీ మొదటి తప్పుకు మందు మీ ఉత్తరం మొదటి వాక్యంలోనే ఉంది. ‘మూడేళ్లుగా పని చేస్తున్నాను’ అని రాశారు. ఆ ‘గా’ను గట్టిగా పట్టుకుని ఉంటే సిన్స్ కింద ఎర్ర గీత పడేది కాదు. ఎలాగో చెబుతాను, కానీ దానికి ముందు ఆ పట్టిక సంగతి చూద్దాం.

పట్టికలో తప్పేమీ లేదు. గడియారపు సమయానికి ఎట్, రోజుకు ఆన్, నెలకు, ఏడాదికి ఇన్ అంటుంది. నిజమే. చిక్కేమిటంటే అది ఇంగ్లీషు గట్టు నుంచి బయలుదేరుతుంది, మీరేమో తెలుగు గట్టు నుంచి బయలుదేరతారు. మనసులో మాట తెలుగులో పుడుతుంది, దాని చివర ఒక విభక్తి ప్రత్యయం అంటుకునే ఉంటుంది. ఆ ప్రత్యయాన్ని వదిలేసి పట్టిక కోసం వెతుక్కుంటే చెయ్యి ఆగిపోక ఏం చేస్తుంది?

ఈ రెండు వాక్యాలు చదవండి. మనిషి మొదటిసారి చంద్రుడి మీద దిగింది 1969లో. ఆ ఏడాది జూలై 20న, అంతర్జాతీయ ప్రామాణిక కాలమానం ప్రకారం రాత్రి 8 గంటల 17 నిమిషాలకు, అపోలో 11 యాత్రలోని ఈగిల్ నౌక అక్కడ వాలింది. ఏడాది తర్వాత ‘లో’, తేదీ తర్వాత ‘న’, గంటల తర్వాత ‘కు’. ఇంగ్లీషులో అదే వరుసలో ఇన్, ఆన్, ఎట్ వస్తాయి. చిన్నప్పుడు డు, ము, వు, లు అంటూ గొంతెత్తి వల్లించిన పట్టికలో చివరి వరుసలు గుర్తున్నాయా? కిన్, కున్, యొక్క; అందున్, నన్. మన ‘జూలై 20న’లోని ‘న’ ఆ ‘నన్’ మనుమరాలే. కాలాన్ని మూడు రకాలుగా చూడటం ఇంగ్లీషువాళ్ల దగ్గర కొత్తగా నేర్చుకోవాల్సిన విద్య కాదు. వేలు పెట్టి చూపించే క్షణానికి ‘కు’, ఒక రోజుకు ‘న’ లేదా ‘నాడు’, లోపల తిరగడానికి చోటున్న పెద్ద కాలానికి ‘లో’. ‘ఐదు గంటలలో కలుద్దాం’ అని మీరు పొరపాటున కూడా అనరు కదా. సగం యుద్ధం మీరు ఎప్పుడో గెలిచారు.

మిగతా సగంలో తెలుగు మనకు మూడు చోట్ల సాయం చేయదు. ఒకటి, ప్రత్యయమే లేని చోటు. ‘ఉదయం వస్తాను’, ‘సాయంత్రం వస్తాను’ అంటాం, చివర ఏమీ ఉండదు. ఇవి కొన్ని గంటల పొడవున్నవి కాబట్టి ఇన్ పెట్టి, వెంట ద చేర్చండి: ఇన్ ద మార్నింగ్, ఇన్ ది ఈవెనింగ్. మధ్యాహ్నం దగ్గర కొంచెం జాగ్రత్త. మనకు పన్నెండు కొట్టడమూ మధ్యాహ్నమే, మూడు గంటలూ మధ్యాహ్నమే. ఇంగ్లీషులో సరిగ్గా పన్నెండయితే నూన్, దానికి ఎట్; ఆ తర్వాతి పూట అయితే ఆఫ్టర్‌నూన్, దానికి ఇన్. అర్ధరాత్రి కూడా అంతే. మనం ఒంటిగంటకు ఫోను మోగినా ‘అర్ధరాత్రి ఫోను చేశాడు’ అంటాం. ఇంగ్లీషులో ఎట్ మిడ్‌నైట్ అంటే పన్నెండే. మామూలు రాత్రికి మాత్రం ఎట్ నైట్. ఉదయానికి ఇన్ అయినప్పుడు రాత్రికి ఎట్ ఎందుకని తర్కం తవ్వుతూ కూర్చోకండి, అదొక్కటీ బట్టీ పట్టేయండి. ‘నిన్న రాత్రి మధ్యలో రెండుసార్లు మెలకువ వచ్చింది’ అన్నప్పుడు ఇన్ ద నైట్ అనడమూ ఉంది. అది ఒకానొక రాత్రి లోపలి మాట.

ఉదయం పక్కన రోజు పేరు వచ్చి చేరితే పెత్తనం రోజుది. ‘సోమవారం ఉదయం’ అంటే ఆన్ మండే మార్నింగ్. అప్పటిదాకా ఉదయాన్ని మోసిన ఇన్, ద రెండూ తప్పుకుంటాయి. ‘జూలై 20’ అన్నా ఇదే న్యాయం. జూలై, 1969 పక్కనే ఉన్నా వాటి ఇన్ చెల్లదు, ముందు ఒక్క ఆన్ చాలు. గడియారం మాత్రం ఎవరి మాటా వినదు. దాని ఎట్ దానికి విడిగా ఉండాల్సిందే.

రెండోది, తెలుగు మనల్ని నేరుగా తప్పుదారి పట్టించే చోటు. ‘వచ్చే వారంలో’, ‘గత నెలలో’, ‘ఈ ఏడాదిలో’ అంటాం కదా, ఆ ‘లో’ చూసి చాలామంది ఇన్ నెక్స్ట్ వీక్, ఇన్ లాస్ట్ మంత్ అని రాస్తారు. నెక్స్ట్, లాస్ట్, దిస్, ఎవ్రీ ముందున్నప్పుడు ఇంగ్లీషు ఎట్, ఆన్, ఇన్ అనే ప్రిపోజిషన్లను (నామవాచకం ముందు కూర్చునే చిన్న మాటలను) దగ్గరికి రానివ్వదు. నెక్స్ట్ వీక్, అంతే. ‘గత రెండేళ్లలో’ అన్నప్పుడు మాత్రం అది ఇప్పటిదాకా సాగిన కాలం కాబట్టి ఇన్ ద లాస్ట్ టూ ఇయర్స్ సరైనదే. ఆ ద వచ్చిందంటే ఇన్‌కు దారి దొరికినట్టు.

టుడే, టుమారో, టునైట్ ముందు కూడా ఈ మూడూ రావు. దీనికి కారణం తెలిస్తే మళ్లీ మరచిపోరు. వాటి తలలోని టు ఒకప్పుడు ప్రిపోజిషనే. టు, మారో అని విడివిడిగా ఉన్న మాటలు ఒకటైపోయాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అచ్చయిన పుస్తకాల్లో కూడా మధ్యలో చిన్న గీతతో టు-డే, టు-మారో అని కనిపిస్తాయి. ఉన్న ప్రిపోజిషన్ ముందు ఇంకొకటి ఎందుకు? అన్నట్టు ఆ మారోకు ఉదయం అన్న మాటతో చుట్టరికం. మన కావ్యభాషలో కూడా రేపకడ అంటే తెల్లవారే వేళ. రెండు భాషల్లోనూ రేపు తెల్లవారడంలోంచే పుట్టినట్టుంది!

మూడోది, ఒకే తెలుగు ప్రత్యయం ఇంగ్లీషులో రెండు మూడుగా చీలే చోటు. మీ ఎర్ర గీతల్లో రెండు ఇక్కడివే. అందుకే దీని దగ్గర తీరిగ్గా కూర్చుందాం.

‘కి’ని తీసుకోండి. ‘ఐదింటికి వస్తాను’ అంటే ఎట్. అదే ‘కి’తో ‘సోమవారానికి ఇస్తాను’ అంటే? ఇక్కడ ఆన్ కాదు, ఎట్ అసలే కాదు, బై. ‘సోమవారం ఇస్తాను’ అంటే ఆ రోజే ఇవ్వడం, కనుక ఆన్ మండే. ‘సోమవారానికి’ అంటే ఆ రోజు దాటకుండా పని అయిపోతుందని, ఆదివారమే ఇచ్చినా మాట తప్పినట్టు కాదని. ‘ఆగస్టులో పూర్తవుతుంది’, ‘ఆగస్టుకి పూర్తవుతుంది’ మధ్య తేడా మీకు ఎవరైనా చెప్పాలా? మొదటిది ఇన్, రెండోది బై. గడియారానికి అంటుకున్న ‘కి’ మామూలుగా ఎట్. రోజుకు, నెలకు, ఏడాదికి అంటుకుంటే మామూలుగా బై. సందేహం వస్తే ‘కల్లా’ చేర్చి చూడండి. ‘సోమవారానికల్లా’, ‘ఐదింటికల్లా’. అర్థం చెడకుండా ‘కల్లా’ ఇమిడిందంటే అది బై.

ఇప్పుడు మీ శుక్రవారం రిపోర్టు. మీరు చెప్పదలచింది ‘శుక్రవారానికల్లా పంపుతాను’ అని. రాసింది టిల్, అంటే ‘వరకు’. మాటల్లో మనలో కొందరం ‘శుక్రవారం వరకు ఇచ్చేస్తాను’ అంటాం, వినేవారు సర్దుకుని అర్థం చేసుకుంటారు. ఇంగ్లీషు అంత సర్దుకోదు. టిల్ అన్నా అంటిల్ అన్నా అక్కడిదాకా సాగే పనికే చెల్లుతాయి: ఉండటం, ఎదురు చూడటం, తెరిచి ఉంచడం లాంటివి. పంపడం ఒక్క క్షణంలో ముగిసే పని. మీ వాక్యం చదివినాయనకు మీరు ఆ రిపోర్టును శుక్రవారం దాకా రోజూ పంపుతూనే ఉంటారని తోచి ఉంటుంది. గీత గీశారంటే గీయరూ!

ఒక్క ‘కాదు’ చేరితే మాత్రం క్షణికమైన పనికీ అంటిల్ పనికొస్తుంది. ‘శుక్రవారం వరకు పంపను’ అనవచ్చు, ఎందుకంటే పంపకుండా ఉండటం సాగేదే. ఇందులో తెలుగూ ఇంగ్లీషూ ఒకే తాటి మీద నడుస్తాయి.

బై ఫ్రైడే అంటే శుక్రవారం కూడా గడువులోనే ఉన్నట్టు. బిఫోర్ ఫ్రైడే అంటే గురువారంతో సరి. మన ‘లోపు’ ఈ విషయంలో కాస్త నంగి. శుక్రవారం లోపు అంటే శుక్రవారం కలుస్తుందా అని ఇద్దరు వాదించుకోవచ్చు. గడువుల విషయంలో పేరు పడిన బిఫోర్ ఒకటుంది. 1961 మే 25న అమెరికా అధ్యక్షుడు కెనెడీ అక్కడి కాంగ్రెస్ ముందు మాట్లాడుతూ, ఈ దశాబ్దం ముగియకముందే మనిషిని చంద్రుడి మీద దించి క్షేమంగా తిరిగి తీసుకురావాలన్నారు. ముగియకముందే అన్నచోట ఆయన వాడిన మాట బిఫోర్. 1969 జూలైకి ఆ పని జరిగిపోయింది. ఈ చివరి వాక్యంలోని ‘జూలైకి’ని ఇంగ్లీషులో ఎలా రాస్తారో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ‘ఈపాటికి’ కూడా బైయే, బై నౌ.

అంటిల్ నాకు చేసిన ఉపకారం ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం సెలవు చీటీలో అంటిల్ మండే అని రాసి ఊరెళ్లాను. సోమవారం కూడా సెలవులో కలిసిందని నా లెక్క. సోమవారం పొద్దున్నే కుర్చీలో ఉంటానని ఆఫీసు లెక్క. మంగళవారం వెళ్లేసరికి బల్ల మీద సంజాయిషీ అడిగే కాగితం ఉంది. నా వ్యాకరణంలో తప్పు లేదు, వాళ్ల వ్యాకరణంలోనూ లేదు. అంటిల్ చివరి రోజును కలుపుకుంటుందో లేదో సందర్భాన్ని బట్టి మారుతుంది. అప్పటి నుంచి సెలవు ఎప్పటిదాకా అని రాయడం మానేశాను, ఏ రోజు తిరిగి వస్తానో ఆన్ పెట్టి రాస్తాను. అమెరికావాళ్లు థ్రూ మండే అంటారు. అందులో సోమవారం కచ్చితంగా కలిసినట్టే.

ఇక ‘నుంచి’. మన భాషలో ఇంత చాకిరీ చేసే మాట ఇంకొకటి ఉందో లేదో. ‘మూడేళ్ల నుంచి’, ‘2021 నుంచి’, ‘రేపటి నుంచి’ అని దేనికైనా ఇదొక్కటే. ఇంగ్లీషులో ఈ మూడింటికీ మూడు వేర్వేరు మాటలు. ఇక్కడే మీ ‘గా’ పనికొస్తుంది. ‘నుంచి’ తీసి ‘గా’ పెట్టి చూడండి. మూడేళ్లుగా: చక్కగా ఉంది. చాలాకాలంగా, కొన్ని నెలలుగా, గత రెండు వారాలుగా: అన్నీ బాగున్నాయి. ఇవన్నీ ఫర్. ఇప్పుడు ‘2021గా’ అనండి. నోరే ఒప్పుకోదు. ‘నిన్నటిగా’, ‘చిన్నప్పటిగా’, ‘చేరినప్పటిగా’? ఒక్కటీ కుదరదు. ఇవన్నీ సిన్స్. ‘గా’ కాలపు పొడవుకే అతుకుతుంది, మొదలైన చోటుకు అతకదు. ఫర్, సిన్స్ మధ్య ఉన్నది కూడా ఆ తేడాయే. ఇన్నేళ్లుగా చాలామందికి ఈ పరీక్ష పెట్టి చూశాను, తెలుగు వచ్చినవారు తప్పు చెప్పడం అరుదు.

‘రేపటి నుంచి’ ఇంకా మొదలవనే లేదు. దానికి ఫ్రమ్. మొదలై ముగిసిపోయినదానికి కూడా ఫ్రమే: ‘2015 నుంచి 2018 వరకు అక్కడ ఉన్నాను’. సిన్స్ రావాలంటే తాడు ఒక కొస గతంలో ఉండి, రెండో కొస మీ చేతిలో ఉండాలి.

కానీ మీ వాక్యంలో సిన్స్ తీసేసి ఫర్ పెట్టినంత మాత్రాన గీత పోదు. ‘ఐ యామ్ వర్కింగ్’ అక్కడే ఉంది. ‘పని చేస్తున్నాను’ అన్న ఒక్క క్రియతో తెలుగు ఈ క్షణాన్నీ, గడచిన మూడేళ్లనూ కలిపి చెప్పేస్తుంది. ఇంగ్లీషుకు అక్కడ గతాన్నీ వర్తమానాన్నీ ముడివేసే హావ్ కావాలి: ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్’. ఇది పట్టింపు కోసం చెప్పేది కాదు, అర్థమే మారిపోతుంది. ‘ఐ యామ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్’ అని చూడండి. ఇంగ్లీషు పుట్టుభాష అయినవారికి అది ‘మూడేళ్లు ఉండటానికి వచ్చాను’ అని వినిపిస్తుంది. ‘ఐ వర్క్‌డ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్’ అంటే ఇప్పుడు మానేశారని. ఫర్ అదే, ఏళ్లు అవే, ఉద్యోగం మాత్రం ఊడిపోయింది!

ఫర్ పక్కింట్లోనే డ్యూరింగ్ ఉంటుంది కాబట్టి దాన్నీ పలకరించి వెళదాం. ‘ఎంతసేపు’ అన్నదానికి జవాబు ఫర్, మన ‘పాటు’. ‘ఎప్పుడు’ అన్నదానికి జవాబు డ్యూరింగ్, మన ‘సమయంలో’. ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ ఆ ఈగిల్ నౌకలో దిగి చంద్రుడి మీద 21 గంటలకు పైగా ఉన్నారు: ఇది ఫర్. ఆ సమయంలో బయటికి వచ్చి నేల మీద తిరిగారు: ఇది డ్యూరింగ్. తిరిగింది సుమారు రెండున్నర గంటల పాటు: మళ్లీ ఫర్. అంకె కనిపిస్తే డ్యూరింగ్ వైపు చూడకండి, చాలా తప్పులు వాటంతటవే తప్పిపోతాయి.

మూడో గీతకు ఎక్కువ మాటలు అక్కర్లేదు. ‘రెండు రోజుల ముందు’ను మీరు మాటకు మాట దించేశారు. ఇప్పటి నుంచి వెనక్కి లెక్కపెట్టేటప్పుడు ఇంగ్లీషులో బిఫోర్ పనికిరాదు, అంకె ముందుకు వచ్చి వెనక ఎగో చేరుతుంది: టూ డేస్ ఎగో. తెలుగులో ‘రెండు రోజుల క్రితం’ అనుకోవడం అలవాటు చేసుకోండి. క్రితం అనగానే ఎగో దానంతటదే తడుతుంది, రెండూ వాక్యంలో కూర్చునే చోటు కూడా ఒకటే.

ముందుకు లెక్కపెట్టేటప్పుడు దీనికి తోబుట్టువైన తప్పు ఒకటుంది. మీ మెయిల్లో రాలేదు కానీ త్వరలో వస్తుంది, నాకు నమ్మకం ఉంది. ‘రెండు రోజుల తర్వాత ఫోను చేస్తాను’ను ఆఫ్టర్ టూ డేస్ అని రాస్తాం. ఇప్పటి నుంచి లెక్కయితే ఇంగ్లీషులో ఇన్ టూ డేస్ అనాలి. మనకు ‘రెండు రోజుల్లో’ అంటే ఆ లోపు ఎప్పుడైనా కావచ్చు. ఇంగ్లీషువాళ్లకు అది ఎక్కువగా రెండో రోజు చివర. ఈ తేడా వల్ల డబ్బు చెల్లింపుల దగ్గర పేచీలు వస్తాయి. కాబట్టి గడువు ముఖ్యమైనప్పుడు ఇన్ వదిలేసి వితిన్ రాయండి, ఇంకా మంచిది బై పెట్టి తేదీ వేసేయండి. జరిగిపోయిన పనికి ఎంత సమయం పట్టిందో చెప్పడానికి మాత్రం ఇన్ నిక్షేపంగా సరిపోతుంది. అపోలో 11 యాత్ర జూలై 16న మొదలై 24న ముగిసింది, అంటే వెళ్లి రావడం ఎనిమిది రోజుల్లో అయిపోయింది. ఇక్కడ ‘లో’, ఇన్ ఒకదాని కోసం ఒకటి పుట్టినట్టు ఉంటాయి.

మెయిళ్లు రాసేవారికి ఆన్ టైమ్, ఇన్ టైమ్ కూడా ఎదురవుతాయి. ఆన్ టైమ్ అంటే చెప్పిన వేళకు. ఇన్ టైమ్ అంటే వేళ మించిపోకముందే. సమావేశం పదింటికయితే పదింటికి మొదలవడం ఆన్ టైమ్. అది మొదలయ్యేలోగా మీరు మెట్లెక్కి, కుర్చీ వెతుక్కుని, ఊపిరి పీల్చుకోగలిగితే ఇన్ టైమ్.

వీకెండ్ సంగతి. మీకు రెండు రకాలుగా కనిపించడం మీ కంటి దోషం కాదు. బ్రిటన్‌లో ఎట్ ద వీకెండ్ అంటారు, అమెరికాలో ఆన్ ద వీకెండ్ అంటారు. అమెరికావాళ్లు రోజుల ముందు ఆన్‌ను కూడా తరచుగా ఎగరగొట్టి ‘సీ యూ మండే’ అనేస్తారు. అది తప్పు కాదు, వారి పద్ధతి. మీ మెయిళ్లు ఎక్కువగా ఏ దేశానికి వెళతాయో చూసుకుని, ఒకటి ఎంచుకుని దాన్నే రాయండి. ఒకే మెయిల్లో మొదటి పేరాలో ఎట్, రెండో పేరాలో ఆన్ పెడితే మాత్రం మీ పై అధికారి ఎర్ర కలం మళ్లీ బయటికి వస్తుంది, ఈసారి నేను ఆయన పక్షమే.